ఓర్చినమ్మకు తేటనీరు

ఈ సామెత వినకుండా పెరిగిన తెలుగు ఆడపిల్ల ఉండదనుకుంటాను. నేను మొదటిసారి విన్నది ఏటి ఒడ్డున, ఇసుకలో తీసిన చెలమ దగ్గర. మా చిన్నతనంలో ఎండలు ముదిరి ఊరి బావులు అడుగంటితే ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని ఏటికి వెళ్ళేవారు. ముందు వెళ్ళినవాళ్ళు గబగబా ముంచేసుకుంటే చెలమ కాస్తా బురదయ్యేది. మా అమ్మమ్మ మాత్రం బిందె పక్కన పెట్టుకుని తీరిగ్గా కూచునేది. కాసేపటికి మట్టి అడుగుకి దిగి నీళ్ళు అద్దంలా తేరుకునేవి. అప్పుడు కొబ్బరిచిప్పతో ముంచి బిందెలో పోసుకుంటూ, నాకేసి చూసి, "ఓర్చినమ్మకు తేటనీరే పిల్లా" అనేది.

అప్పటినుంచీ ఇప్పటిదాకా ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. తోడికోడలికి చెప్పాను. చెల్లెలికి చెప్పాను. మా పిన్నికైతే ఏకంగా ఉత్తరంలో రాశాను. సముద్రాల అవతల ఉన్న మా అమ్మాయికి ఫోనులో వారం వారం చెబుతూనే ఉన్నాను. చెప్పడానికి కానీ ఖర్చు లేదు కదా!

ఆ మాట మీద నాకు మొట్టమొదటిసారి అనుమానం కలిగింది ఒక పాత కారు ముందు నిలబడ్డప్పుడు. నవ్వకండి. చెబుతాను.

మా అమ్మాయీ అల్లుడుగారూ ఉండేది ఇంగ్లండులో, కోవెంట్రీ అనే ఊళ్ళో. ఒకప్పుడు ఎన్నెన్నో కార్ల కార్ఖానాలతో వెలిగిన ఊరది. గాలి ప్రభావమో ఏమో, కిందటేడు నేను వెళ్ళేసరికి అల్లుడుగారు ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. అది ఏ కంపెనీదో చెప్పను. దాని గుట్టు రట్టు చేస్తే ఆయన నొచ్చుకుంటారు. ఆ కారులో ఇద్దరే పడతారు. ఇంట్లో మనుషులు నలుగురు. ఇదేం లెక్క అని నేను అడగలేదు. అత్తగారికి కొన్ని ప్రశ్నలు నిషిద్ధం.

కొన్నవారు కొన్నట్టు ఉండక, ఇంజను శక్తి పెంచే ఏర్పాట్లేవో చేయించారు. కారుకి జోరు పెరిగింది. జోరుతో పాటు వేడీ పెరిగింది. వేసవి రోజుల్లో (అక్కడి వేసవి అంటే మన సంక్రాంతి పగలు అనుకోండి) ఊళ్ళో రద్దీలో నాలుగు ఎర్రదీపాల దగ్గర ఆగేసరికి, వేడిని చూపించే ముల్లు పైపైకి పాకేది.

"నీళ్ళ పంపు చాలడం లేదు అత్తయ్యగారూ. పెద్దది బిగిస్తే సరి" అన్నారు అల్లుడుగారు.

"కారుకి నీళ్ళ పంపేమిటండీ? అది పెరట్లో ఉండాలి గానీ" అన్నాను. అన్నందుకు వారం రోజులు పాఠం విన్నాను. మీకు రెండు ముక్కల్లో ముగిస్తాను.

ఇంజను లోపల పెట్రోలు మండేటప్పుడు ఆ మంట వేడి రెండువేల డిగ్రీలు దాటుతుందిట. చుట్టూ ఉన్న లోహంలో అల్యూమినియం భాగాలు ఉంటాయి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మరి కరక్కుండా కాపాడేదేమిటి? నీళ్ళు! ఇంజను గోడల్లో సన్నని దారులుంటాయి. నీళ్ళు ఆ దారుల వెంట తిరిగి వేడిని పుచ్చుకుని, ముందు వైపున్న రేడియేటరులోకి వెళతాయి. అక్కడ సన్నని గొట్టాల్లోంచి సాగుతూ ఆ వేడిని గాలికి అప్పజెప్పి, చల్లబడి, మళ్ళీ ఇంజను దగ్గరికి వస్తాయి. ఈ ప్రదక్షిణ చేయించేదే పంపు. పంపంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక చిన్న డొల్లలో రెక్కల చక్రం. ఇంజను తిరుగుతుంటే దానితో పాటు బెల్టు ఈ చక్రాన్నీ తిప్పుతుంది. చల్ల చిలికేటప్పుడు కవ్వం మజ్జిగని అంచుకి విసురుతుంది చూడండి, అలాగే ఈ చక్రం నీళ్ళని విసిరి ముందుకి నెడుతుంది.

ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. పెట్రోలులో ఉన్న శక్తిలో ఇంజను పనిగా మార్చేది ఇంచుమించు మూడోవంతేనట. ఇంకో మూడోవంతు పొగగొట్టంలోంచి పోతుంది. తక్కిన మూడోవంతూ వేడిగా ఈ నీళ్ళ నెత్తిన పడుతుంది. అంటే బండి ఎంత శక్తితో పరుగెడుతోందో, దాదాపు అంత భారం నీళ్ళూ మోస్తున్నాయన్నమాట. కాని కారు గొప్ప చెప్పేవాళ్ళు ఇన్ని గుర్రాల శక్తి, ఇంత వేగం అంటారే గాని, నీళ్ళ ఊసెత్తరు. ఈ లెక్క మనకి ఎక్కడో విన్నట్టుంది కదూ!

అసలు పంపే లేకుండా నడిచిన కార్లూ ఉన్నాయి. 1908లో అమెరికాలో పుట్టిన ఫోర్డ్ 'మోడల్ టీ'కి మొదట దాదాపు 2,500 కార్లదాకా పంపు పెట్టి, ఆ తరువాత తీసేశారు. వేడినీళ్ళు పైకి తేలతాయి, చల్లనీళ్ళు కిందికి దిగుతాయి. ఆ సహజగుణంతోనే నీళ్ళు వాటంతటవే తిరిగేవి. 1927 దాకా అలాంటి కార్లు కోటిన్నర తయారయ్యాయి. దాని బలం 20 గుర్రాలు. నెమ్మదైన సంసారం. వేడి తక్కువ, చల్లార్చే పనీ తక్కువే. ఇంటికి పరుగు పెరిగినకొద్దీ ఎవరో ఒకరి ఓర్పు మీద బరువు పడుతుంది.

సరే, కొత్త పంపు వచ్చింది. పాతదానికన్నా పెద్ద రెక్కలు, మెరిసే ఒళ్ళు. శనివారమంతా అల్లుడుగారు షెడ్డులోనే ఉన్నారు. భోజనానికి నాలుగుసార్లు పిలిచింది మా అమ్మాయి. అయిదోసారి పిలవలేదు, కంచం మీద మూత పెట్టేసింది. ఆదివారం కారు బయటికి తీశారు. ఊళ్ళో ఓ చుట్టు తిరిగి వచ్చేసరికి ముల్లు ఎప్పటిలాగే పైకెక్కి కూచుంది. అంత ఖర్చూ బూడిదలో పోసినట్టయింది.

పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. పడుచుతనంలో కార్ల కార్ఖానాలో పని చేశాడట. గోడ అవతలినుంచి ఇదంతా చూస్తున్నాడు. నెమ్మదిగా వచ్చి, ఇంజను ఆపించి, కాసేపు ఆగి, రేడియేటరు మీద అక్కడక్కడ అరచెయ్యి ఆనించి చూశాడు. జ్వరం చూసే అమ్మలాగే చూశాడు. "ఇదిగో, ఇక్కడ చల్లగా ఉంది" అన్నాడు.

చల్లగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను నేను. కాదట! అక్కడ గొట్టాలు పాచీ తుప్పూ పట్టి మూసుకుపోయాయి. వేడినీళ్ళు అక్కడికి రావడమే లేదు, అందుకే చల్లగా ఉంది. ఉన్న గొట్టాల్లో సగం పని చెయ్యడం లేదు. తరువాత ఆయన అన్న మాటని అల్లుడుగారు నాకు తెలుగు చేసి చెప్పారు.

"పంపు వేడిని చంపదు బాబూ, మోసుకుపోతుందంతే. దించుకునే చోటు మూసేసి, మోసేవాడిని మాత్రం బలవంతుణ్ణి చేస్తే ఏం లాభం?"

నేను అక్కడే నిలబడిపోయాను.

ఆ సాయంత్రం టీ తాగుతూ పెద్దాయన ఇంకో కారు కథ చెప్పాడు. తరువాత నేను పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నాను కూడా. ఆ కారు పేరు ట్రయంఫ్ స్టాగ్. స్టాగ్ అంటే మగదుప్పి. ఆ ఊళ్ళోనే తయారయ్యేది. 1970లో వచ్చింది. మికెలోట్టి అనే ఇటలీ ఆయన దాని రూపం తీర్చాడు. మూడు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, పైకప్పు మడిచేసుకోవచ్చు. 1971లో వచ్చిన జేమ్స్ బాండు సినిమాలో కూడా కనిపిస్తుంది. అంతటి అందగత్తె. కాని ఆ అందగత్తెకి తల వేడి. దారి మధ్యలో ఉడికిపోయి, ఇంజను తలకట్టు వంకరపోయి ఆగిపోతుందన్న అపకీర్తి మూటకట్టుకుంది. పాతికవేల పైచిలుకు తయారయ్యాక 1977లో దాన్ని ఆపేశారు.

కారణం ఒక్కటి కాదు. ఇంజను ఒళ్ళు ఇనుము, తలకట్టు అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా రెట్టింపు సాగుతుంది. జాతకాలు కలిశాయిగాని స్వభావాలు కలవలేదన్నమాట. నీళ్ళలో తుప్పు పట్టకుండా కలపాల్సిన మందు శ్రద్ధగా కలపకపోతే లోపల మడ్డి పేరుకుని రేడియేటరు మూసుకుపోయేది. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళ పంపుని ఇంజను నడినెత్తిన, రెండు వరసల సిలిండర్ల మధ్య పెట్టారు. ఎక్కడైనా చిన్న కారడం మొదలై నీళ్ళు కాస్త తగ్గాయా, మొట్టమొదట ఎండిపోయేది ఆ పంపే. అందరికీ నీళ్ళు అందించేదానికే ముందు నీళ్ళు అందవు!

"మరి వేడి చూపించే ముల్లు ఉంటుందిగా? ముందే తెలియదా?" అని అడిగాను.

అప్పుడు పెద్దాయన చెప్పింది నేను బతికినంతకాలం మరిచిపోను. ఆ ముల్లుకి కబురందించే చిన్న పరికరం నీళ్ళలో మునిగి ఉండాలట. నీళ్ళుంటేనే వాటి వేడి దానికి తెలిసేది. నీళ్ళు దిగిపోతే అది గాలిలో మిగులుతుంది. అప్పుడు లోపల లోహం మాడిపోతున్నా ముల్లు కిందికి దిగిపోవచ్చు. నడిపేవాడు చూసి, హమ్మయ్య, చల్లబడింది అనుకుంటాడు. నిజానికి చల్లబడలేదు. చెప్పేవాళ్ళు లేకుండా పోయారంతే.

నాకు మా పిన్ని గుర్తుకొచ్చింది.

బాబాయి చెడ్డవాడు కాదు. కాని కోపిష్టి. కూరలో ఉప్పు ఎక్కువైనా, పేపరు ఆలస్యమైనా, పిల్లాడికి మార్కులు తగ్గినా ఆ మంట పిన్ని మీదే పడేది. ఆవిడ అన్నీ భరించేది. సంక్రాంతికీ, వేసవి సెలవులకీ పుట్టింటికి వచ్చేది. పెరట్లో బాదంచెట్టు కింద అమ్మమ్మ పక్కన కూచుని రెండు రోజులు ఆగకుండా మాట్లాడేది. మధ్యమధ్య ఏడ్చేది. మూడో రోజు జడ వేసుకుని, పిల్లలతో గచ్చకాయలాడేది. నెల్లాళ్ళయ్యాక నవ్వుతూ బండెక్కేది. అమ్మమ్మ ఆవిడకి ఏ ఉపాయమూ చెప్పినట్టు నాకు గుర్తు లేదు. విన్నదంతే.

అమ్మమ్మ పోయింది. మావయ్యలు ఇల్లు అమ్మేసుకున్నారు. బాదంచెట్టు ఎవరో కొట్టేశారు. పిన్ని రాకపోకలు తగ్గాయి. రెండు మూడేళ్ళు ఉత్తరాల్లో కష్టం చెప్పుకునేది. నేను అప్పుడే రాశాను, "ఓర్చినమ్మకు తేటనీరు పిన్నీ, కాస్త ఓపిక పట్టు" అని. ఆ తరువాత ఆవిడ ఉత్తరాల్లో కష్టాలు ఉండేవి కావు. "అందరం క్షేమం" అని నాలుగు వాక్యాలు. ఎదురుపడినా ప్రశాంతంగా ఉండేది. కళ్ళనీళ్ళు లేవు, ఫిర్యాదుల్లేవు. పిన్ని సర్దుకుపోయింది, భూదేవంత ఓర్పు అని అందరం మెచ్చుకున్నాం. మా ఆవిడకి కోపమే రాదు అని బాబాయి గొప్పగా చెప్పుకునేవాడు.

చాలా ఏళ్ళ తరువాత, బాబాయి కూడా పోయాక, పిన్ని ఒకనాడు నాతో నవ్వుతూనే చెప్పింది. ఆ ప్రశాంతమైన రోజుల్లోనే ఓ మధ్యాహ్నం అన్నం వార్చి, పొయ్యి ఆర్పి, చేతిసంచి పట్టుకుని బస్టాండుకి వెళ్ళిందట. బస్సెక్కి కూచుంది. కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. చెప్పడానికి ఒక్క ఊరి పేరు రాలేదు.

"ఎంత ఆలోచించినా తట్టలేదే. దిగిపోయాను. సాయంత్రందాకా అక్కడే బల్ల మీద కూచున్నాను. తరువాత ఇంటికెళ్ళి కాఫీ పెట్టాను" అంది.

"నాకు రాయలేదేం పిన్నీ?" అన్నాను.

"ఏం రాయను? నువ్వేం జవాబు రాస్తావో తెలుసుగా!" అంది.

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. అదే నన్ను పొడిచింది. ఆవిడ దించుకోవడానికి మిగిలిన ఒక్క చోటునీ నేనే మూసేశాను, ఒక సామెత అడ్డంపెట్టి. పైగా మంచి మాట చెప్పానని సంతోషించాను. ఇల్లు చల్లగా ఉండాలని కోరేవాళ్ళం అందరం చేసే పని ఇదే. పంపు మార్చమంటాం. ఇంకా పెద్ద రెక్కలు, ఇంకా గట్టి బెల్టు, ఇంకా కాస్త ఓర్పు. రేడియేటరు సంగతి ఎవరూ చూడరు.

అయితే ఓర్పు వద్దా, అందరూ సలసలా మరిగిపోవడమేనా అని మీరడగవచ్చు. వద్దని నేననను. పంపు లేని స్పోర్ట్స్ కారు రెండు మైళ్ళు పోదు. ఓర్పు లేని ఇల్లు రెండు రోజులు సాగదు. ఆ మాటకొస్తే అతిగా చల్లబరచడమూ తప్పే. ఇంజను దాదాపు 90 డిగ్రీల వేడి మీదే బాగా నడుస్తుందట. అందుకే చల్లగా ఉన్నప్పుడు నీళ్ళని రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే ఒక తలుపు కూడా పెట్టారు, థర్మోస్టాట్ అని. మనుషులున్న ఇంట్లో కాస్త వేడి ఉండాలి. మాటా మాటా అనుకోని ఇల్లు ఇల్లు కాదు, సత్రం.

ఒక్కచోట మాత్రం ఈ పోలిక సాగదు. ఇంజనుకి వేడి పుట్టించడం స్వధర్మం. మంట లేకపోతే అది కదలదు, కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. మనిషి సంగతి అలా కాదు. బాబాయి కూరలో ఉప్పు చూసి నోరు మూసుకుని ఉండగలడు. ఆఫీసులో పైఅధికారి ముందు మూసుకునేవాడు కూడా. అంటే తన దగ్గరా ఓ పంపు ఉందన్నమాట. ఇంటికొచ్చాక దాన్ని వాడలేదు. అందుచేత ఓర్చుకో అన్న నీతి ఒక్కరికే చెబితే అది సగం నీతి. వేడి పుట్టించేవారికి తగ్గించమనీ, చూసేవారికి వినమనీ చెప్పాలి. అప్పుడే మోసేవారికి ఓర్చుకోమని చెప్పే హక్కు వస్తుంది.

మళ్ళీ ఆ చెలమ దగ్గరికే వెళ్ళి చూస్తే, అమ్మమ్మ సామెతలో తప్పేమీ లేదు. తప్పు నా చదువులోనే ఉంది. అమ్మమ్మ ఓర్చుకున్నది నీళ్ళు తేరుకుంటాయని తెలిసి. చెలమని ఎవరూ కలపకుండా ఉంటేనే మట్టి అడుగుకి దిగేది. ఒకరు కలుపుతూనే ఉంటే, ఆవిడ సాయంత్రందాకా కూచున్నా బిందెలోకి బురదే వచ్చేది. అలా కలుపుతుంటే అమ్మమ్మ ఊరుకునేదా? నాకు తెలిసిన అమ్మమ్మ ముందు ఆ చెయ్యి పట్టుకుని ఆపేది. సామెత తరువాత చెప్పేది. అసలు ఓర్చడం అంటే ఆవిడ ఉద్దేశంలో తేటనీటి కోసం ఆగడమే గాని, బురద తాగడం కాదు.

కారు సంగతి చెప్పి ముగిస్తాను. అల్లుడుగారు రేడియేటరు విప్పించి, మూసుకుపోయిన గొట్టాలన్నీ శుభ్రం చేయించారు. కొత్త పంపు అలాగే ఉంచారు. దాని తప్పేం లేదు కదా! ఇప్పుడు ముల్లు మధ్యలో బుద్ధిగా నిలబడుతోంది. మర్నాడు సాయంత్రం పిల్లల్ని ఒకరి తరువాత ఒకర్ని ఎక్కించుకుని తిప్పడానికి వెళ్ళారు.

ఇంట్లో నేనూ మా అమ్మాయీ మిగిలాం. అది ఆఫీసునుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా కుక్కరు పెడుతోంది. మూడేళ్ళుగా నేను ఫోనులో "ఎలా ఉన్నావే?" అంటే "బాగానే ఉన్నానమ్మా" అంటోంది. అంతకుముందు అరగంట చెప్పేది. ఈ మధ్య పిల్ల నిలదొక్కుకుంది అని మా ఇంట్లో అందరితో అన్నాను కూడా.

వంటింట్లోకి కుర్చీ లాక్కుని కూచున్నాను.

"ఇక్కడ నీకు మనసులో మాట చెప్పుకోవడానికి ఎవరున్నారే?" అని అడిగాను.

అది తిరిగి చూడలేదు. గరిట పట్టుకున్న చెయ్యి మాత్రం ఆగింది. కాసేపటికి, "ఇప్పుడెందుకమ్మా అవన్నీ? చెబితే నువ్వేమంటావో నాకు తెలుసుగా" అంది.

అచ్చం పిన్ని మాటే.

"ఏమీ అనను. చెప్పు" అన్నాను.

ఆ రాత్రి కుక్కరు మూడు కూతల బదులు ఆరు కూసింది. పప్పు గంజిలా అయిపోయింది. ఎవరం లేచి కట్టెయ్యలేదు.